ఊళ్లో అమ్మానాన్న, అమెరికాలో పిల్లలు: వీడియో కాల్ ఎలా చేస్తే పనికొస్తుంది

ఆదివారం పొద్దున్నే ఫోను మోగుతుంది. తెరమీద నాన్న నుదురు, దాని పైన తిరిగే ఫ్యాను. "వినపడుతోందా?" "ఆఁ, మీకూ?" అంటూ ఐదు నిమిషాలు. "తిన్నారా?" "తిన్నాం." ఇక మాటల్లేవు. దీన్ని చాలావరకు సరిచేయొచ్చు. సరికానివీ ఉన్నాయి, అవేవో తెలిసి ఉండాలి.

ముందు టైము సంగతి. డాలస్ ఎండాకాలంలో మనకన్నా పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. అక్కడ శనివారం రాత్రి 8:30కి చేసే కాల్, ఇక్కడ ఆదివారం ఉదయం 7కి వస్తుంది. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం వెనక్కి జరిగాక అదే కాల్ 8కి వస్తుంది. మార్చి రెండో ఆదివారం తర్వాత మళ్లీ 7. ఈ మాట ముందు వారమే చెప్పకపోతే పెద్దవాళ్లు ఏడింటికే తయారై కూర్చుని, గంటసేపు ఫోను వంక చూస్తూ ఉంటారు.

ఫోను చేత్తో పట్టుకోనివ్వద్దు. కళ్ల ఎత్తులో, రెండడుగుల దూరంలో, బల్ల మీద డబ్బా పెట్టి దానికి ఆనిస్తే చాలు. గ్లాసులో నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంది. మైకు ఫోను అడుగున ఉంటుంది కాబట్టి మాట నూతిలోంచి వచ్చినట్టుంటుంది. కిటికీ వీపు వైపు ఉంటే కెమెరా బయటి వెలుతురుకు సర్దుకుని ముఖాన్ని నల్లగా చేస్తుంది. కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. ఒకే గదిలో రెండు ఫోన్లు ఒకే కాల్‌లో ఉంటే కీచుమంటుంది. ఒకదాని మైకు, స్పీకరు రెండూ ఆపాలి.

మాటకు మాట అడ్డు పడటం ఎవరి తొందరా కాదు. మాట ఒకవైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటనివ్వకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికాం యూనియన్ సిఫార్సు. ఖండాలు దాటే కాల్ తరచూ ఆ గీత దాటుతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలెడతారు, ఇద్దరూ ఆగిపోతారు, "నువ్వు చెప్పు", "లేదు, మీరే చెప్పండి". మాట అయ్యాక ఒక్క క్షణం ఆగండి. నలుగురున్నప్పుడు "అత్తయ్యా, మీరు చెప్పండి" అని వరస పెట్టి పిలిచి అడగండి. పుట్టినరోజు పాట అందరూ కలిసి పాడితే ఎవరి తాళం వారిదే. ఒకరు పాడితే మిగతావాళ్లు మ్యూట్‌లో ఉండి చప్పట్లు కొట్టాలి, అంతే.

చేతికి పని ఉంటేనే బాగుంటుంది

ఊరికే ఎదురెదురుగా కూర్చుంటే పావుగంటకే అలసట వస్తుంది. స్టాన్‌ఫోర్డ్ ఆచార్యుడు జెరెమీ బేలెన్సన్ 2021లో దీనికి నాలుగు కారణాలు చెప్పారు: మరీ దగ్గరగా కళ్లలోకి చూస్తున్నట్టుండటం, అదేపనిగా మన ముఖం మనకే కనబడటం, కదలకుండా కూర్చోవడం, సైగలు అందక బుర్రకు పని పెరగడం. రెండోదానికి మందు సులువు. జూమ్, గూగుల్ మీట్ యాప్‌లలో మన బొమ్మ మనకు కనబడకుండా దాచుకోవచ్చు.

మిగతావాటికి పని పెట్టుకోవడమే మందు. కూతురు అక్కడ ఆవకాయ కలుపుతుంటే కెమెరా ముఖం వైపు కాకుండా బేసిను వైపు తిప్పాలి. గిన్నెకు తడి ఉందో లేదో, నూనె పైకి తేలిందో లేదో అమ్మ ఇక్కణ్నుంచే చెబుతుంది. పోపు దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. కెమెరా రంగుల్ని తనకు తోచినట్టు సర్దేస్తుంది, ఆవాల చిటపటలను రొద అనుకుని యాప్ అణిచేయొచ్చు. ఇంగువ ఎక్కువైందో లేదో ఏ యాప్ చెప్పలేదు.

గృహప్రవేశం చూపించేటప్పుడూ ఇదే చిక్కు: సన్నాయి, డోలు తెగితెగి వినిపిస్తాయి. జూమ్‌లో సంగీతానికి వేరే ఉన్న 'ఒరిజినల్ సౌండ్' ఆన్ చేయండి. ఉచిత జూమ్ 40 నిమిషాలకు, ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో ఉన్న ఉచిత మీట్ గంటకు ఆగిపోతాయి; కాల్ పాలు పొంగించే వేళకు కాస్త ముందు మొదలుపెట్టండి. వాట్సాప్‌కు ఆ గడువు లేదు, 32 మంది చేరొచ్చు.

పసిపిల్లల విషయంలో భయం అక్కర్లేదు. పద్దెనిమిది నెలల లోపు తెరలు వద్దన్న అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లోనే వీడియో కాల్‌కు మినహాయింపు ఇచ్చింది. కానీ "తాతకి నమస్తే పెట్టు" అని వాణ్ని పట్టుకు కూర్చోబెడితే పారిపోతాడు. తాతయ్యే దూడ దగ్గరికి వెళ్లి చూపిస్తే పది నిమిషాలు కదలడు.

కనబడనిది

అన్నిటికన్నా పెద్ద నష్టం, అంతా చూశామనుకోవడం. కాల్‌లో కనిపించేది ఛాతీ నుంచి పైకే. కాళ్ల వాపు, మెట్టు ఎక్కేటప్పుడు గోడ పట్టుకోవడం, ఖాళీగా ఉన్న కూరల బుట్ట తెరలో పడవు. అమ్మ కాల్‌కు ముందు చీర మార్చుకుని, బొట్టు దిద్దుకుని కూర్చుంటుంది. అందుకని నెలకోసారి ఫోను హాల్లో బల్ల మీద పెట్టించి, వాళ్లను వంటింటి దాకా వెళ్లి రమ్మనండి. నడక చూడండి. బీపీ మాత్రల అట్ట వెనక కెమెరాతో చూపించమని, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. ఎక్కువుంటే రోజూ వేసుకోవడం లేదన్నమాట. చావు కబురు, డబ్బు గొడవ లాంటివి వీడియోలో వద్దు. మామూలు ఫోనులో మాట స్పష్టంగా ఉంటుంది, ఏడుపు వస్తే ఎవరికీ కనబడదు.

రోజుకు 1.5 జీబీ ప్లాన్ అయిపోతే వేగం 64 కేబీపీఎస్‌కు పడుతుంది, బొమ్మ రాదు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో 'స్టోరేజ్ అండ్ డేటా'లోకి వెళ్లి, కాల్స్‌కు తక్కువ డేటా వాడమన్న మీట ఆన్ చేసి ఉంచండి.

వీడియోకు అలవాటు పడ్డ పెద్దవాళ్లు కొత్త నంబరు నుంచి వచ్చినా ఎత్తేస్తారు. పోలీసునంటూ ఖాకీ చొక్కా వేసుకున్న మోసగాడు "డిజిటల్ అరెస్ట్ (వీడియో కాల్‌లోనే అరెస్టు), కాల్ కట్ చేయొద్దు" అంటాడు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. స్క్రీన్ షేర్ నొక్కమంటే అసలు నొక్కొద్దు, వచ్చే ఓటీపీలు అవతలివాడికి కనబడతాయి. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి. ఆ నంబరు, పిల్లల నంబరు పెద్ద అక్షరాలతో రాసి, ఫోను పెట్టే చోట గోడకు అంటించండి.