ఇంటి రిపేర్లు నేర్చుకుందాం – 3వ పాఠం: వాటర్ హీటర్ పైలట్ మంట ఎందుకు నిలవదు?

పోయిన పాఠంలో పైలట్ (గ్యాస్ హీటర్‌లో పెద్ద బర్నర్‌ను వెలిగించడానికి ఎప్పుడూ వెలుగుతూ ఉండే చిన్న మంట) వెలిగించడం నేర్చుకున్నాం. నాబ్ ఆఫ్ చేసి కనీసం అయిదు నిమిషాలు ఆగాలి, గ్యాస్ వాసన లేదని నేల దగ్గర కూడా చూసుకోవాలి, తర్వాత నాబ్‌ను పైలట్ గుర్తు దగ్గరికి తిప్పి, నొక్కిపట్టి వెలిగించాలి. అలాగే చేశారు, వెలిగింది. వేలు తీయగానే ఆరిపోయింది. అమెరికాలో కాస్త పాత ఇల్లు కొన్న మనవాళ్ళు చాలామంది గరాజ్‌లో ఈ టెన్షన్ పడినవాళ్ళే.

వెంటనే థర్మోకపుల్ (మంట ఉందో లేదో పసిగట్టే చిన్న భాగం) కొనడానికి షాపుకు పరుగెత్తకండి. మంట ఎప్పుడు ఆరిపోతోందో ముందు చూడండి. వేలు తీయగానే ఆరిపోతే కారణం ఒకటి, గంటలు వెలిగి ఆరిపోతే ఇంకొకటి.

లోపల జరిగేది ఇదీ. మీరు నాబ్ నొక్కినప్పుడు మీ వేలి బలంతోనే పైలట్‌కు గ్యాస్ దారి తెరుచుకుంటుంది. తెరిచిన దారిని అలాగే పట్టి ఉంచే పని వాల్వ్‌లోని చిన్న విద్యుదయస్కాంతానిది. దానికి కావలసిన కరెంటు పైలట్ మంటలోనే తయారవుతుంది. రెండు వేరు వేరు లోహాలను కలిపి చేసిన థర్మోకపుల్ కొన మంటలో కాలితే 20 నుంచి 30 మిల్లీవోల్టులు పుడతాయి. పెన్సిల్ సెల్‌లో ఉండేది 1.5 వోల్టులు, అంటే ఇది మహా అయితే అందులో యాభయ్యో వంతు. మంట ఆరితే ఆ కరెంటు పోతుంది, వాల్వ్ మూసుకుంటుంది, ఇల్లంతా గ్యాస్ నిండకుండా ఆగుతుంది. కాబట్టి మంట నిలవకపోతే ఆ రక్షణ తన పని తాను చేస్తోందని అర్థం. దాన్ని బలవంతంగా తెరిచి ఉంచే కిటుకులు ఎవరు చెప్పినా వినకండి.

ముందు వేలు తీయగానే ఆరిపోయే కేసు చూద్దాం. నాబ్‌ను పూర్తిగా ఒక నిమిషం నొక్కిపట్టారా? కొన వేడెక్కడానికి ఆ మాత్రం సమయం కావాలి. నొక్కిపట్టే ఉంచి, చిన్న గాజు కిటికీలోంచి మంటను చూడండి. నీలంగా, గట్టిగా ఉండి, థర్మోకపుల్ కొనను పైనుంచి సుమారు ఒక సెంటీమీటరు మేర చుట్టుకోవాలి. పసుపుగా, నీరసంగా, పక్కకు వాలిపోతూ ఉంటే తప్పు థర్మోకపుల్‌ది కాదు. పైలట్ రంధ్రంలో మసి అయినా చేరి ఉంటుంది, గాలైనా సరిగా అందకపోతూ ఉంటుంది. కొత్త థర్మోకపుల్ పెట్టినా మళ్ళీ ఇదే కథ.

మంట బాగానే ఉంటే హీటర్ ఆఫ్ చేసి చల్లారనిచ్చి, థర్మోకపుల్ నుంచి వచ్చే సన్నని రాగి గొట్టం వాల్వ్‌లోకి వెళ్ళే చోట నట్టు వదులైందేమో చూడండి. ఇంత చిన్న వోల్టేజీకి కొంచెం మురికి చాలు, అడ్డుపడుతుంది. నట్టు విప్పి ఆ గొట్టం చివర తుడిచి, వేళ్ళతో బిగించి, ఆపై రెంచితో పావు చుట్టు మాత్రమే తిప్పండి. కొన్ని హీటర్లలో ఈ నట్టు మరలు ఎడమచేతి వాటంగా ఉంటాయి, ముందు మాన్యువల్ చూసుకోండి.

అప్పటికీ నిలవకపోతే వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ తీయండి. ఆ గొట్టం చివరను వాల్వ్ నుంచి విప్పి, పైలట్ వెలిగించి నాబ్ నొక్కిపట్టే ఉంచండి. మీటరు వైరు ఒకటి రాగి గొట్టానికి, ఇంకొకటి చివరనున్న బొడిపెకు ఆనించండి. ఇంకో మనిషి సాయం ఉంటే సులువు. నిమిషం తర్వాత 20 మిల్లీవోల్టుల పైన వస్తే థర్మోకపుల్ మంచిదే, అనుమానం వాల్వ్ మీదికి మళ్ళుతుంది. వాల్వ్ మార్చే పని లైసెన్స్ ఉన్న ప్లంబర్‌కే వదిలేయండి. రీడింగ్ బాగా తక్కువ వస్తే థర్మోకపుల్ మార్చాలి. మీ హీటర్ వాల్వ్ మీద మినుకుమినుకుమనే చిన్న లైటు ఉంటే ఈ కొలతలు దానికి వర్తించవు. లైటు ఎన్నిసార్లు మెరుస్తోందో లెక్కపెట్టి, లేబుల్ మీద అర్థం చూసుకోండి.

ఇక గంటల తర్వాత, రాత్రి పూట, గాలివాన రోజుల్లో ఆరిపోయే కేసు. ఇక్కడ చూడాల్సింది గాలిని. 2003 తర్వాత వచ్చిన టాంకు హీటర్లకు అడుగున గాలి లోపలికి పోయే జాలీ ఉంటుంది. పక్కనే డ్రయ్యర్ ఉంటే బట్టల నూగు దానికి పట్టేస్తుంది. హీటర్ ఆఫ్ చేసి బ్రష్‌తో, వాక్యూమ్‌తో శుభ్రం చేయండి.

పొగగొట్టం సంగతీ చూడాలి. గ్యాస్ వాసన ఏమీ లేనప్పుడు, పెద్ద బర్నర్ వెలిగిన కొన్ని నిమిషాలకు, హీటర్ పైన గొట్టం మొదలయ్యే చోట ఒక అగరొత్తి పట్టుకోండి. పొగ లోపలికి పోవాలి. తర్వాత వంటింట్లో చిమ్నీ, బాత్రూముల్లో ఫ్యాన్లు వేసి మళ్ళీ చూడండి. తాలింపు ఘాటు పోవాలని మనం పెట్టించుకునే బలమైన చిమ్నీ ఇంట్లో గాలిని లాగేస్తే, హీటర్ పొగ వెనక్కి తన్నవచ్చు. అగరొత్తి పొగ బయటికి వస్తే హీటర్ ఆపేసి, మెకానిక్‌ను పిలవండి. వెనక్కి వచ్చే పొగలో ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఉండవచ్చు, దానికి వాసన లేదు. పడకగదుల దగ్గర దాన్ని పసిగట్టే అలారం లేకపోతే ఈ రోజే పెట్టండి. మన ఊళ్ళలో బాత్రూములో గ్యాస్ గీజర్ ఉన్న బంధువులకూ ఈ మాట చెప్పండి. వాటిలో చాలావాటికి పైలట్ ఉండదు, బ్యాటరీ స్పార్క్‌తో వెలుగుతాయి. గాలి ఆడని గదిలో ప్రమాదం మాత్రం అంతే.

ఎప్పుడైనా గ్యాస్ వాసన గట్టిగా వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చేసి, అక్కడి నుంచి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి.

వచ్చే పాఠంలో థర్మోకపుల్ మారుద్దాం. ఈలోగా హీటర్ మోడల్ నంబరు రాసుకోండి. పాత రాగి గొట్టం పొడవు కొలవండి, కొత్తది అంతకన్నా పొట్టిగా ఉండకూడదు. మీ మంట ఎప్పుడు ఆరిపోతోందో కూడా రాసిపెట్టుకోండి.