ఆప్షన్ అమ్మాక మార్జిన్ పెరిగిందా? సమస్య - పరిష్కారం

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు చెరువుల పని అయ్యాక సాయంత్రం పూట ఎంసీఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజీలో క్రూడ్ (ముడి చమురు), నేచురల్ గ్యాస్ ఆప్షన్లు అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆప్షన్ అంటే ముందే అనుకున్న ధరకు (స్ట్రైక్) కొనే హక్కు (కాల్) లేదా అమ్మే హక్కు (పుట్). వాళ్లు తరచూ అడిగే ప్రశ్నలివి.

కొత్తగా ఏమీ అమ్మలేదు, అయినా మార్జిన్ చాలదని మెసేజ్ వచ్చింది

కారణం: మార్జిన్, అంటే అమ్మిన ఆప్షన్‌కు హామీగా కట్టే డబ్బు, ఒకసారి కట్టి మరిచిపోయే డిపాజిట్ కాదు. ధర అటూ ఇటూ కదిలితే మీకు ఎంత నష్టం రావచ్చో స్పాన్ అనే రిస్క్ లెక్క పద్ధతిలో లెక్కగట్టి వసూలు చేస్తారు. ఆ లెక్క ఒక్క రోజులోనే చాలాసార్లు మారుతుంది. ధర మీ స్ట్రైక్ వైపు వచ్చినా, మార్కెట్ ఊగిసలాట పెరిగినా మార్జిన్ పెరుగుతుంది.

గ్యాస్‌లో అయితే మరీను. అమెరికా గ్యాస్ నిల్వల లెక్క మామూలుగా గురువారం రాత్రి వస్తుంది, మన టైము వేసవిలో 8కి, చలికాలంలో 9కి. లాట్ (ఒక కాంట్రాక్టు పరిమాణం) 1250 యూనిట్లు కాబట్టి ఫ్యూచర్‌లో (ముందు తేదీకి ఇప్పుడే ధర ఖాయం చేసే కాంట్రాక్టు) ఒక్క రూపాయి కదిలితే 1250 రూపాయల తేడా. కోనసీమలో గ్యాస్ బావులున్నాయి కాబట్టి ధర మనకు ముందే తెలుస్తుందనుకోవద్దు. ఎంసీఎక్స్ ధర అమెరికాలోని హెన్రీ హబ్ అనే గ్యాస్ కేంద్రం ధర వెంట నడుస్తుంది, మన కోనసీమ తాటిపాకలో ఏం జరిగినా దానికి పట్టదు.

పరిష్కారం: ఖాతాలో డబ్బంతా మార్జిన్‌కే పెట్టకండి. కరెంటు ఉన్నా రొయ్యల చెరువు గట్టు మీద జనరేటర్ ఉంచుతాం కదా, సగం డబ్బు అలా పక్కన ఉండాలి. మెసేజ్ వచ్చేశాక మాత్రం ఒక లాట్ తగ్గించండి, లేదా అమ్మిన కాల్‌కు పై స్ట్రైక్ కాల్, అమ్మిన పుట్‌కు కింది స్ట్రైక్ పుట్ కొనండి. నష్టానికి హద్దు పడుతుంది, మార్జిన్ కూడా తగ్గుతుంది. వడ్డీకి తెచ్చి వేయమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

పొజిషన్ క్లోజ్ చేస్తుంటే మార్జిన్ ఒక్కసారిగా ఎగిరింది

పొజిషన్ అంటే మీ ఖాతాలో ఇంకా నడుస్తున్న కొనుగోలు, అమ్మకాలు. అందులో కొన్న ఆప్షన్‌ను ముందు అమ్మేసి ఉంటారు. దాంతో అమ్మిన ఆప్షన్‌కు రక్షణ పోయి పూర్తి మార్జిన్ పడింది. మొదలుపెట్టేటప్పుడు ముందు కొనండి, తర్వాత అమ్మండి. బయటికి వచ్చేటప్పుడు అమ్మినదాన్ని ముందు వదిలించుకోండి.

ఎక్స్‌పైరీ అయిపోయింది, ఖాతాలో ఫ్యూచర్ కనిపిస్తోంది

ఎంసీఎక్స్‌లో ఈ ఆప్షన్లు ఫ్యూచర్ మీదే ఉంటాయి. ఎక్స్‌పైరీ (గడువు ముగిసే రోజు) నాటికి ఇన్ ద మనీ అయితే, అంటే ధర స్ట్రైక్ దాటి కొన్నవాళ్లకు లాభం వచ్చే వైపు ఉంటే, అమ్మిన పుట్ కొన్న ఫ్యూచర్‌గా, అమ్మిన కాల్ అమ్మిన ఫ్యూచర్‌గా మారుతుంది. అప్పుడు ఫ్యూచర్ మార్జిన్ కావాలి, నష్టానికి హద్దూ ఉండదు. 2020 ఏప్రిల్‌లో క్రూడ్ కాంట్రాక్టు బ్యారెల్‌కు మైనస్ 2,884 రూపాయల దగ్గర సెటిల్ అయింది. లాట్‌కు వంద బ్యారెల్స్, లెక్క మీరే వేసుకోండి. ఎక్స్‌పైరీకి కొన్ని రోజుల ముందే బయటికి రండి.

బ్రోకర్ నన్ను అడక్కుండా కోసేశాడు (పొజిషన్ మూసేశాడు)

కారణం సాధారణంగా ఖాతా తెరిచేటప్పుడు సంతకం పెట్టిన రిస్క్ పాలసీలోనే ఉంటుంది. బ్రోకరేజీ పది రూపాయలా ఇరవయ్యా అని చూసేవాళ్లు దాన్ని చదవరు. నా దృష్టిలో బ్రోకర్‌ను ఎంచుకోవడమంటే ముందు ఆ పాలసీని ఎంచుకోవడమే. ఇవి అడగండి: మార్జిన్ ఎంత తగ్గితే కోస్తారు, ముందు ఫోన్ చేస్తారా, కోసినందుకు ఛార్జీ ఎంత, ప్లెడ్జ్ చేసిన (తాకట్టు పెట్టిన) షేర్లు ఎంసీఎక్స్‌కు పనికొస్తాయా, రాత్రి పదకొండున్నర దాకా ఫోన్లో ఆర్డర్ తీసుకునే మనిషి ఉంటాడా. తుఫాను వస్తే మన వైపు కరెంటు, నెట్ రెండూ పోతాయి, అప్పుడు యాప్ ఎందుకూ పనికిరాదు. తుఫాను హెచ్చరిక వినగానే హెడ్జ్ (రక్షణగా కొన్న ఆప్షన్) లేని పొజిషన్ తీసేయండి.

బ్రోకర్‌కు సెబీ (మార్కెట్ల నియంత్రణ సంస్థ) ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు సెబీ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. ఊళ్లో ఏజెంటు ఎంత దగ్గరివాడైనా అతని చేతికి నగదు ఇవ్వొద్దు, మీ బ్యాంకు ఖాతా నుంచి బ్రోకర్ ఖాతాకే పంపండి. నెలకింత గ్యారంటీ అని ఎవరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి.

పాలసీకి విరుద్ధంగా కోశారనిపిస్తే ఆ మెసేజ్ టైము, కాంట్రాక్ట్ నోట్ (లావాదేవీల రసీదు), లెడ్జర్ (ఖాతా లెక్క) దాచుకుని ముందు బ్రోకర్‌కు మెయిల్ పెట్టండి. సరైన జవాబు రాకపోతే సెబీ ఆన్‌లైన్ ఫిర్యాదుల వేదిక స్కోర్స్‌లో ఫిర్యాదు చేయండి. ఏడాది దాటనివ్వకండి.