బొడ్డు లైన్‌కి హెపారిన్ కలిపేటప్పుడు

ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్‌లో) బొడ్డు ధమనిలో వేసిన లైన్ మూసుకుపోకుండా సన్నగా హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా చేసే మందు) కలిపిన సెలైన్ ఎక్కిస్తాం. డాక్టరు వేరేగా రాయకపోతే మి.లీ.కి 0.5 యూనిట్, గంటకు 0.5 మి.లీ. ప్రమాదమంతా కలపడంలోనే ఉంది. 2006లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో మి.లీ.కి 10 యూనిట్ల వయల్ ఉండాల్సిన చోట 10,000 యూనిట్లది చేరి, ముగ్గురు నెలతక్కువ పిల్లల ప్రాణాలు పోయాయి. మన దగ్గర మి.లీ.కి 1,000, 5,000 యూనిట్ల వయల్స్ వస్తాయి. 5,000ది ఎన్‌ఐసీయూ అల్మారాలో ఉంచనే వద్దు. లేబుల్ మీద బెంజైల్ ఆల్కహాల్ (మందు చెడకుండా కలిపేది) అని ఉన్నది కూడా వాడొద్దు. నెలతక్కువ బిడ్డ ఒంట్లో అది పేరుకుపోయి రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, ఊపిరి ఎగబీలుస్తారు.

50 మి.లీ. సిరంజికి కావలసింది 25 యూనిట్లే. 1,000 వయల్ నుంచి నేరుగా తీస్తే అది 0.025 మి.లీ., సిరంజి ముక్కులో నిలిచిపోయే చుక్కే అంతకన్నా ఎక్కువ. అందుకని రెండుసార్లు పలుచన చేయండి.

1. వయల్ నుంచి 1 మి.లీ., నార్మల్ సెలైన్ 9 మి.లీ.: ఇప్పుడు మి.లీ.కి 100 యూనిట్లు.
2. అందులోంచి 1 మి.లీ., మళ్లీ సెలైన్ 9 మి.లీ.: మి.లీ.కి 10.
3. ఇది 2.5 మి.లీ., సెలైన్ 47.5 మి.లీ.

ప్రతి సిరంజికీ కలిపిన వెంటనే లేబుల్ అంటించండి. రెండో నర్సు మీ కాగితం చూడకుండా లెక్క వేయాలి, చూసి తలూపడం లెక్కలోకి రాదు. మిగిలినవి పారేయండి, 24 గంటలకోసారి కొత్తది కలపండి. రోజుకు ఎక్కే ఈ 12 మి.లీ.లో సుమారు 1.8 మిల్లీమోల్ సోడియం ఉంటుంది. కిలో లోపు బిడ్డకు అది చిన్న మోతాదు కాదు, అందుకే చాలాచోట్ల సగం బలం సెలైన్ వాడతారు.

ఈ లైన్ వల్ల కాలికి రక్తం అందడం తగ్గొచ్చు, అందుకని బిడ్డ కాలివేళ్లు దుప్పటి కింద దాచకండి. ఒక కాలు నీలమైతే రెండో కాలిని వెచ్చగా చుట్టి డాక్టర్ని పిలవండి. కాసేపట్లో రంగు తిరగకపోయినా, వేళ్లు తెల్లబడినా లైన్ తీసేయాల్సిందే. లైన్‌లోంచి రక్తం రాకపోతే బలంగా ఫ్లష్ కొట్టకండి.

గడ్డకట్టే పరీక్షలకు ఈ లైన్ నుంచి రక్తం తీయొద్దు. అంటుకున్న హెపారిన్ వల్లే ఏపీటీటీ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం) పెరిగినట్టు కనిపించి, అవసరం లేని ప్లాస్మా ఎక్కించేస్తారు. వేరే సిర నుంచి ధారగా వచ్చే రక్తం తీసి, నీలం మూత ట్యూబు గీత వరకు నింపండి: సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో ఉండే ద్రవం) 0.2 మి.లీ.కి రక్తం 1.8 మి.లీ. హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) 55 శాతం దాటిన బిడ్డకు ఈ సిట్రేట్ ఎక్కువవుతుంది, సిట్రేట్ తగ్గించిన ట్యూబు ల్యాబ్‌ను ముందే అడగండి.