యుద్ధంలో వైర్‌లెస్, తర్వాత రేడియో: ఇంటి పెద్దాయన సంస్మరణ రాసే పద్ధతి

రేడియోలో వార్తలు చదివినవారి పేర్లు, నాటకాలు వేసినవారి పేర్లు జనానికి గుర్తుంటాయి. ఆ గొంతును ట్రాన్స్‌మిటర్ దాకా చేర్చిన మనిషి పేరు మాత్రం ప్రసారంలో వినిపించదు. ఆయన పని సవ్యంగా సాగిన రోజున ఆయన ఉన్నాడన్న సంగతే శ్రోతకు తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి కబుర్లు చేరవేసే సిగ్నల్స్ దళంలో పనిచేసి, తిరిగి వచ్చి రేడియో స్టేషన్లో టెక్నీషియన్‌గా చేరి, తొంభై దాటిన వయసులో కన్నుమూసిన పెద్దాయన గురించి రాయడంలో ఉన్న కష్టమంతా ఇక్కడే ఉంది. "క్రమశిక్షణకు మారుపేరు, నిరాడంబరుడు" అంటే అది ఎవరికైనా సరిపోతుంది. ఆయన చేతులు ఏ పని చేశాయో కనుక్కుని రాయాలి.

ముందు కాగితాలు వెతకండి. సైన్యం ఇచ్చిన డిశ్చార్జి పుస్తకం దొరికితే అందులోని నంబరు, హోదా, ట్రేడు (దళంలో చేసిన పని), చేరిన తేదీ, విడుదలైన తేదీ ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాసుకోండి. ఆ తర్వాత పెన్షన్ ఆర్డరు, బదిలీ ఉత్తర్వులు. పుట్టిన తేదీ దగ్గర తగువు రావడం మామూలే: బడిలో వేయించినది ఒకటి, ఇంట్లో చెప్పుకునేది మరొకటి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయసు 1962 చివరలో 55 నుంచి 58కి పెరిగి, 1998లో 60కి మారింది కాబట్టి, 1980లో మామూలుగా రిటైరైన మనిషికి సర్వీసు రికార్డులో పుట్టిన సంవత్సరం 1922 అని లెక్క తేలుతుంది. రెండు తేదీలూ వేరుగా ఉంటే రెండూ రాయండి. ఒకదాన్ని దాచవలసిన పని లేదు.

పతకాలను తోమి మెరిపించకుండా, ఉన్న స్థితిలోనే చూడండి. ఆరు కోణాల నక్షత్రం మీద ఏ యుద్ధరంగం పేరుంటే ఆ ప్రాంతంలో సేవ చేసినట్టు. బర్మా స్టార్ రిబ్బను ముదురు నీలం, నడుమ వెడల్పైన ఎరుపు చార, ఇరువైపులా నీలంలో సన్నని నారింజ గీతలు. 1941 డిసెంబరు 11 నుంచి 1945 సెప్టెంబరు 2 వరకు జరిగిన సేవకు అది ఇచ్చారు. అయితే ఆ నక్షత్రం ఒక్కటి చూపి "కోహిమా యుద్ధంలో పోరాడారు" అని రాయడం తప్పు. ఇండియా సర్వీస్ మెడల్ మాత్రమే ఉంటే మనసు చిన్నబుచ్చుకోనక్కర లేదు: మూడేళ్లు దేశంలోనే ఉండి తీగలు, సెట్లు పనిచేసేలా చూసినవారు లేకపోతే సరిహద్దుకు కబురు వెళ్లేది కాదు.

యుద్ధకాలపు ఉత్తరాలలో ఊరి పేరు కనిపించదు, ఎందుకంటే సెన్సారు ఒప్పుకునేది కాదు. అందుకని ముద్రలోని ఫీల్డ్ పోస్టాఫీసు (సైన్యపు తపాలా కార్యాలయం) నంబరును చూసుకోండి. తపాలా చరిత్ర తెలిసినవారు దాన్నిబట్టి ఏ తేదీన ఎక్కడున్నారో చెప్పగలరు. పిల్లలను, మేనల్లుళ్లను అడిగేటప్పుడు "యుద్ధం గురించి ఏం చెప్పేవారు?" అనకండి, "ఏమీ చెప్పేవారు కాదు" అనే జవాబే వస్తుంది. మోర్స్ సంకేతాలు వేలితో బల్ల మీద కొట్టేవారా, 19 నంబరు సెట్టు (ఆనాటి సైనిక వైర్‌లెస్ సెట్టు) అనే మాట విన్నారా, బ్యాటరీలు ఎలా చార్జి చేసేవారో చెప్పారా అని అడగండి. 1946 ఫిబ్రవరి చివరలో జబల్‌పూర్‌లో సిగ్నల్స్ జవానులు విధులు ఆపి నిరసన తెలిపారు. ఆయన అప్పుడు అక్కడే ఉన్నట్టు కాగితం చెబితే ఆ మాటే రాయండి. నిరసనలో పాల్గొన్నారని మీరు చేర్చకండి. ఆయన మౌనంగా ఉంచుకున్న చోటును మన కల్పనతో నింపడం నాకైతే మర్యాద అనిపించదు.

రేడియో భాగానికి వచ్చేసరికి తేదీలే కాపలాదారులు. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలయ్యాయి. హైదరాబాద్‌లోని దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో కలిసింది. "1947లో విజయవాడ స్టేషన్లో చేరారు" అని ఇంట్లో ఎంత గట్టిగా చెప్పుకున్నా, ఆ వాక్యం ఈ తేదీల ముందు నిలబడదు. మద్రాసులో చేరి బదిలీ మీద వచ్చారేమో చూడాలి.

స్టూడియోలో ఉన్నారా, ఊరవతల ట్రాన్స్‌మిటర్ దగ్గర ఉన్నారా అన్నది తప్పక తేల్చుకోండి, రెండూ వేర్వేరు జీవితాలు. ట్రాన్స్‌మిటర్ మనిషి తెల్లవారకముందే వెళ్లి, వాల్వుల ఫిలమెంట్లు వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే హై టెన్షన్ (ఎక్కువ వోల్టేజి) ఇచ్చి, మీటర్ల రీడింగులు లాగ్ పుస్తకంలో ఎక్కించాలి. స్టూడియో మనిషి టేపును బ్లేడుతో ఏటవాలుగా కోసి అతికించాలి. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో తిరిగే టేపులో ఒక్క సెకను దగ్గు తీసేయాలంటే ఏడున్నర అంగుళాల ముక్క కోయాలి. ఇలాంటి ఒక్క వివరం పది విశేషణాల పెట్టు.

అటక మీద పాత టేపులు దొరికితే వెంటనే మెషీనుకు ఎక్కించకండి. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన వస్తే టేపు చెడిపోతున్నట్టు. పెట్టె మీది రాతను ఫోటో తీసి, టేపుల డిజిటైజేషన్ తెలిసినవారికి అప్పగించండి.

రాసినదాన్ని అచ్చుకు ఇచ్చే ముందు, రేడియో ఇంజనీరింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దవారెవరికైనా పైకి చదివి వినిపించండి. స్టూడియో పనినీ ట్రాన్స్‌మిటర్ పనినీ కలగలిపిన వాక్యం దగ్గర ఆయన చెయ్యెత్తి ఆపుతారు. అక్కడ ఆగి, ఆయన చెప్పింది రాసుకోండి.