చెక్క అరుగు కట్టుకుందాం – 3: గుంజల పాఠం, గోడ గోల

ఈసారి గుంజలు నిలబెట్టడం చెప్తానన్నాను. చెప్తాను గానీ, ముందు గోడ సంగతి తేలాలి. పోయిన పాఠంలో "గోడపట్టీని (అరుగు ఒక అంచుని మోయడానికి గోడకి బిగించే చెక్కని) బోల్టులతో బిగించండి" అని ఒక్క ముక్కలో వదిలేశాను. దాని ఫలితాన్ని ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక తమ్ముడు ఫొటో తీసి పంపాడు. పట్టీ, బోల్టులు, వేలెడు మందం ప్లాస్టరు పెచ్చు, అన్నీ కలిసి నేల మీదున్నాయి. వెనక ఇటుక మీద గీత కూడా పడలేదు. అతను వాడింది రెండంగుళాల బోల్టు. అంగుళంన్నర పట్టీకే పోయింది, మిగిలిన అరంగుళం ప్లాస్టరులో ఉంది. ప్లాస్టరు గోడ కాదు, గోడకి వేసిన చొక్కా. అది మీకు తెలుసనుకున్నాను, తప్పు నాదే.

ఎంత బరువో చూడండి. 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు అరుగంటే దాదాపు 9 చదరపు మీటర్లు. కట్టడాల మీద పడే బరువులకి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 ప్రకారం ఇళ్ల బాల్కనీకి చదరపు మీటరుకి 300 కిలోలు లెక్కేయాలి. మొత్తం 2,700. అందులో సగం గోడపట్టీ మీదే పడుతుంది. అంతమంది ఎవరొస్తారంటారా? పర్లాకిమిడిలో రథయాత్ర రోజు వీధి వైపు అరుగు మీద ఎంతమంది ఎక్కుతారో చూడండి, అదీ అందరూ ఒకే అంచుకి.

కాబట్టి తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే 12 మిల్లీమీటర్ల బోల్టు గోడకి ఈ వైపు నుంచి ఆ వైపు దాకా వెయ్యాలి. లోపలి వైపు మూడంగుళాల చదరపు ఇనుప ప్లేటు, దాని మీద నట్టు. బోల్టుకీ బోల్టుకీ 16 అంగుళాలు, ఒకటి పైకి ఒకటి కిందికి. గదిలో ప్లేటు కనిపిస్తోందని ఇంట్లో గొడవైతే క్యాలెండరు తగిలించండి. పట్టీ పైన వాననీరు లోపలికి దిగకుండా రేకు మడిచి గోడలోకి దూర్చాలి.

నాలుగున్నర అంగుళాల గోడకీ, మట్టి అడుసుతో కట్టిన పాత గోడకీ ఏ బోల్టూ వద్దు. నిజానికి నేను ఏ గోడకీ వెయ్యను. గోడ పక్కనే ఇంకో వరస గుంజలు పాతి, అరుగుని దాని కాళ్ల మీద అదే నిలబడేలా చేస్తాను. అప్పుడు రెండు వైపులా ఏటవాలు బద్దలు తప్పనిసరి, లేకపోతే ఊగుతుంది. గోడ దగ్గరి మట్టి పునాది కోసం తవ్వి పూడ్చినది, వదులుగా ఉంటుంది. గట్టి నేల తగిలేదాకా తవ్వండి, ఇంటి పునాది అడుగుకంటే కిందికి మాత్రం దిగొద్దు.

ఇక గుంజలు. కర్ర గుగ్గిలం, కలప డిపోలో ఒడియాలో శాళొ అని అడగండి. కొలతలు మొదటి పాఠంలో ఉన్నాయి.

అందరూ చేసే పని ఒకటి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది: గుంజని గోతిలో పెట్టి చుట్టూ కాంక్రీటు పోసెయ్యడం. కాశీనగర్లో నా మొదటి అరుగు నేనూ అలాగే కట్టాను. మూడు వానాకాలాలు పోయాక పైనంతా నిగనిగలాడుతోంది, చీలమండ ఎత్తులో స్క్రూడ్రైవరు గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగింది. కాంక్రీటు చెమ్మని పట్టి ఉంచుతుంది, కర్రకీ దానికీ మధ్య సందులో నీళ్లు నిలుస్తాయి, ఆ చెమ్మ వెంటే చెదలు. తారు పూసినా అంతే, పాలిథిన్ చుడితే ఇంకా త్వరగా పోతుంది. కాంక్రీటు దిమ్మ నేలకి ఆరంగుళాలు పైకి రావాలి. అందులో యు ఆకారం ఇనుప పట్టీ నాటి, కర్రని దిమ్మకి అంగుళం పైన ఆనించి బోల్టు వెయ్యాలి. బరువు కింద ఎలాగూ నిలుస్తుంది, ఈ బోల్టు గాలికి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చినప్పుడు రేకులు ఎలా లేచాయో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. దూలం గుంజ నెత్తి మీద కూర్చోవాలి, పక్కన బోల్టుకి వేలాడకూడదు.

అభ్యాసం: గోడంతా అడుగుకోసారి సుత్తితో తట్టి, డొల్లగా మోగిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. తర్వాత గోడ పక్కన ఒక్క గొయ్యి తవ్వి, మీ ఇంటి పునాది ఎంత లోతుందో టేపుతో కొలిచి రాసి పంపండి. అది వచ్చాకే నాలుగో పాఠం.