చిన్న గాయాల చికిత్స - 6వ పాఠం: మత్తు సూదికి ముందు వేళ్లు చూడండి

పోయినసారి ఇచ్చిన అభ్యాసం ఇది. ఫిషింగ్ హార్బర్ దగ్గర కత్తిపీట మీద వంజరం కోస్తూ ఒకావిడ చెయ్యి తెగింది. ఎడమ అరచేతిలో, మధ్యవేలి మొదట్లో రెండు సెంటీమీటర్ల కోత. రక్తం ఆగింది. ఏం చేస్తారు?

గాయం కడగడం గురించి అందరూ బాగా రాశారు. 20 ఎం.ఎల్. సిరంజి, 18 గేజ్ కాన్యులా (సన్నని ప్లాస్టిక్ గొట్టం), ధారగా సెలైన్, అది లేకపోతే తాగే కుళాయి నీళ్లు. హైడ్రోజన్ పెరాక్సైడ్ మాట ఎవరూ ఎత్తలేదు, సంతోషం. కానీ దాదాపు అందరి జవాబులోనూ మొదటి వాక్యం ఒకటే: 'నొప్పి తెలియకుండా ముందు లిగ్నోకెయిన్ ఇస్తాను.'

అందుకే కుట్ల పాఠం వచ్చేసారికి జరిపాను.

లిగ్నోకెయిన్ ఇవ్వడం తప్పు కాదు. మత్తు లేకుండా లోతు గాయాన్ని ఎవరూ సరిగా కడగలేరు. అయితే సూది పడిన ఐదు నిమిషాలకు ఆ వేలికి స్పర్శ పోతుంది. అది మందు వల్ల పోయిందా, కత్తి వల్ల పోయిందా అని ఆ తర్వాత చెప్పేవాళ్లు ఉండరు. సాయంత్రం ఆవిడ ఇంటికెళ్తుంది, మర్నాటికి మత్తు దిగుతుంది, వేలు మాత్రం మొద్దుగానే ఉంటుంది. ‘సూది వల్లనేమో’ అనుకుని నెలపాటు ఊరుకుంటుంది. చిన్న గాయం పెద్దదయ్యేది ఇలాగే.

ముందు స్పర్శ. ఇక్కడే నాకు చిరాకొచ్చే అలవాటు ఒకటుంది. వేలు పట్టుకుని నొక్కి ‘తెలుస్తోందా?’ అని అడుగుతారు. భయంలో ఉన్న మనిషి ‘ఆ, తెలుస్తోందమ్మా’ అనే అంటుంది. వేలు కదిలినా తెలుస్తుంది, పక్క వేలికి తగిలినా తెలుస్తుంది. కేసు షీట్‌లో ‘సెన్సేషన్ నార్మల్’ అని పడిపోతుంది. అలా అడగొద్దు. కళ్లు మూసుకోమనండి. దూది పోగుతో ముందు బాగున్న చేతి మధ్యవేలి కొన తాకండి. తర్వాత దెబ్బ తగిలిన వేలి కొన తాకి, ‘అమ్మా, అదీ ఇదీ ఒకేలా ఉందా, తేడాగా ఉందా?’ అని అడగండి. ‘ఇది కొంచెం మొద్దుగా ఉంది’ అంటే నర్వ్ (స్పర్శ తెలిపే నరం) తెగిందనే అనుకుని ముందుకెళ్లండి. ‘కొంచెం’ అందని వదిలేయకండి.

తాకేది కొన మధ్యలో కాదు. అరచేతి వైపు ప్రతి వేలికీ రెండు నర్వ్‌లు ఉంటాయి, ఈ పక్కనొకటి, ఆ పక్కనొకటి. ఒకటి తెగినా మధ్యలో తాకితే రెండోది కాపాడేస్తుంది. కాబట్టి రెండు పక్కలా విడివిడిగా చూడండి. ఇంకో గుర్తు: వేలిలో నర్వ్ అరచేతి వైపు, దాని వెనకే రక్తనాళం ఉంటాయి. అరచేతి వైపు నుంచి తెగిన వేలు రక్తం చిమ్మిందంటే, కత్తి నర్వ్‌ను దాటే అక్కడికి వెళ్లుంటుంది. ‘మొదట్లో రక్తం చిమ్మిందా?’ అని అడగడం మర్చిపోకండి.

ఇక టెండన్లు, అంటే కండరం లాగితే వేలిని వంచే తాళ్లు. చేతిని ఊరికే వెల్లకిలా పెట్టమనండి. వేళ్లు కొద్దిగా ముడుచుకుని ఉంటాయి, చూపుడువేలి నుంచి చిటికెన వేలి వైపు ముడత పెరుగుతూ పోతుంది. మధ్యవేలు ఒక్కటే నిటారుగా పడుకుని ఉంటే టెండన్లు తెగినట్టే, ఇంకేం పరీక్ష అక్కర్లేదు. అంత స్పష్టంగా లేకపోతే, వేలి నడిమి ఎముకను కదలకుండా పట్టుకుని కొన ఒక్కటే వంచమనండి. అది లోతు టెండన్. తర్వాత మిగతా వేళ్లన్నీ నిటారుగా పట్టి ఉంచి, ఆ ఒక్క వేలిని నడిమి కీలు దగ్గర వంచమనండి. అది పై టెండన్. ఈ రెండోది చాలామంది చేయరు. లోతు టెండన్ ఒక్కటే వేలంతా వంచగలదు, అందుకే పైది తెగినా పిడికిలి చక్కగా బిగుస్తుంది.

సగం తెగిన టెండన్ కూడా వంగుతుంది. అడ్డుపెట్టి వంచమన్నప్పుడు నొప్పి వస్తే అనుమానించండి. కత్తి పట్టుకున్నప్పుడో, చేప పట్టుకున్నప్పుడో తెగితే వేళ్లు ముడిచి ఉంటాయి. మీరు చెయ్యి చాపించి గాయంలోకి చూస్తే తెగిన చోటు కొన వైపు జరిగిపోయి ఉంటుంది, కనిపించదు. తెగినప్పుడు చెయ్యి ఎలా ఉందో అలా పెట్టించి చూడండి.

ఇక రక్తప్రసరణ: గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎర్రబడాలి. దీని గురించి ఇంకేం చెప్పను.

రాసేటప్పుడు ఇలా రాయండి: ‘ఎడమ మధ్యవేలు. బొటనవేలి వైపు స్పర్శ తగ్గింది, చిటికెన వేలి వైపు సమానం. రెండు టెండన్లూ పనిచేస్తున్నాయి. ఉదయం 10.20, మత్తుకు ముందు.’ చివరి రెండు మాటలు లేకపోతే పైదంతా దండగ.

తేడా కనిపిస్తే కుట్టకండి. కడిగి, తడి గాజ్ గుడ్డ కప్పి, వేలు కదలకుండా స్ప్లింట్ (బద్ద) వేసి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు పంపండి. నర్వ్, టెండన్ కొన్ని రోజుల్లోపు కలిపినా కుదురుతాయి కాబట్టి టెన్షన్ పడాల్సిన పని లేదు. వేలు తెల్లబడి చల్లగా ఉంటే మాత్రం అప్పటికప్పుడే 108.

తేడా లేకపోతే మత్తు ఇవ్వండి. లిగ్నోకెయిన్ 2 శాతం అంటే ఎం.ఎల్.కు 20 మిల్లీగ్రాములు. ఒకరిద్దరు 2 అనుకున్నారు, ఆ లెక్కన పదింతలు పడుతుంది! కిలోకు 3 మిల్లీగ్రాములు దాటొద్దు. 50 కిలోల మనిషికి 150, అంటే ఏడున్నర ఎం.ఎల్. నేనైతే సమంగా సెలైన్ కలిపి 1 శాతం చేసుకుంటాను, చర్మం మీద కాకుండా గాయం అంచు లోపలి నుంచి నెమ్మదిగా ఎక్కిస్తాను. నొప్పి తక్కువ.

టీటీ (ధనుర్వాతం టీకా) గురించి అడిగారు. ఇప్పుడిస్తున్నది టీడీ, ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకూ కలిపిన టీకా. కోర్సు పూర్తయినవాళ్లకు శుభ్రమైన గాయమైతే పదేళ్లు, మురికిదైతే ఐదేళ్లు దాటితేనే మళ్లీ.

భీమిలి నుంచి ఒక సిస్టర్ జెల్ల చేప ముల్లు గుచ్చుకోవడం గురించి అడిగారు. గుచ్చుకున్న చేతిని 45 డిగ్రీల వేడినీళ్లలో అరగంట నుంచి గంటన్నర వరకు పెట్టండి, వేడి ఎంతుందో బాగున్న చేత్తో చూడమనండి. మత్తు ఇచ్చిన వేలిని మాత్రం వేడినీళ్లలో ముంచకండి, కాలినా తెలియదు. ముల్లు లోపల విరిగిందన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే.

అభ్యాసం: డ్యూటీలో ఉన్న పదిమంది చేతులు, రెండేసి చొప్పున, పైన చెప్పినట్టే చూసి వేలు వేలుకీ రాయండి. చిటికెన వేలి దగ్గర తికమక పడతారు. ఏ దెబ్బా లేని చాలామందికి కూడా పై టెండన్ ఆ వేలిని విడిగా వంచలేదు. అలాంటప్పుడు రెండో చేత్తో పోల్చి, అక్కడా అంతేనా కాదా రాసి పంపండి.