సభ్యుల పట్టీ నుంచి గడప దాకా: ప్రెస్బిటేరియన్ సంఘంలో కొత్తగా ఎన్నికైన పెద్దలకు

తెలుగునాట సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘంలో పెరిగి, ఉద్యోగరీత్యా అమెరికాకో స్కాట్లాండుకో వెళ్లి, అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘంలో పెద్దగా, అంటే ఎల్డరుగా, ఎన్నికైనవారికి మొదట కొత్తగా తోచేది బిషప్పు లేకపోవడం. 1947లో ఏర్పడిన సి.ఎస్.ఐ.లో ప్రెస్బిటేరియన్ పాయ కూడా కలిసినా, మనకు అలవాటైనది బిషప్పు, స్థానిక సంఘ వ్యవహారాలు చూసే పాస్టరేట్ కమిటీ. అక్కడ మాత్రం సంఘంలోని పెద్దల సభ అయిన సెషన్ మొదలుకొని, ఒక ప్రాంతంలోని సంఘాలన్నిటి మీదా ఉండే ప్రెస్బిటరీ, అన్నిటికన్నా పైనుండే జనరల్ అసెంబ్లీ దాకా అధికారమంతా సభలదే. పాస్టరు సెషన్‌కు మోడరేటరుగా, అంటే సభ నడిపేవారిగా, కూర్చుంటారే తప్ప ఒంటరిగా నిర్ణయించలేరు.

ఇన్ని సభలున్నచోట మీటింగులకు లోటుండదు, పలకరింపుకే లోటు వస్తుంది. దానికి చాలా సంఘాలు చేసే చికిత్స సహవాసం కోసం మరో కమిటీ వేయడం, అంటే జబ్బునే మందుగా తాగించడం. దానికన్నా, ఉన్న ఏర్పాట్లనే అవి పుట్టిన పనికి వాడుకోవడం మేలని నా అభిప్రాయం.

సభ్యుల పట్టీతో మొదలుపెట్టండి. అమెరికాలోని పి.సి.యు.ఎస్.ఏ. (ప్రెస్బిటేరియన్ చర్చ్ యు.ఎస్.ఏ.) నియమావళి ప్రకారం సెషన్ ఏడాదికి ఒక్కసారైనా ఆ పట్టీని పరిశీలించాలి. నేను సభ్యుడిగా ఉన్న ఒక సెషన్‌లో క్లర్కు పేర్లు చదువుతూ పోయారు, "రెండేళ్లుగా రావడం లేదు" అన్న ఒక్క మాటతో ఇరవై నిమిషాల్లో పద్నాలుగు పేర్లు తీసేశాం. చెయ్యెత్తినవారిలో నేనూ ఉన్నాను. ఆ పద్నాలుగు మందిలో ఒక పెద్దావిడ తుంటి ఎముక విరిగి వృద్ధుల సంరక్షణ గృహంలో ఉన్నారనీ, సంఘం పంపే ఉత్తరాలు తాళం వేసిన ఆమె పాత ఇంటికే వెళుతున్నాయనీ నెల తర్వాత తెలిసింది. అందుకే పట్టీని పెద్దల మధ్య పంచుకోండి. ఒక్కొక్కరికి పది పన్నెండు ఇళ్లకు మించనివ్వకండి. ఆ ఇంటిని చూసే పెద్ద స్వయంగా వెళ్లి, వచ్చి రెండు మాటలు చెప్పేదాకా ఏ పేరూ కొట్టివేయకూడదని సెషన్‌లోనే తీర్మానించండి.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. స్కాట్లాండులో ప్రతి పెద్దకూ కొన్ని ఇళ్లు అప్పగించడం, ప్రభువు బల్ల ఆరాధనకు ముందు ఆ పెద్దే వెళ్లి, దానికి పిలుపుగా సంస్కారపు కార్డు చేతికివ్వడం చిరకాలంగా ఉన్న పద్ధతి. కార్డులు రాకముందు సీసపు బిళ్లలు ఇచ్చేవారు. కార్డు సాకు మాత్రమే. అసలు పని గుమ్మంలో నిలబడి నాలుగు మాటలు మాట్లాడటం. కార్డును తలుపు సందులోంచి లోపలికి జారవిడిచి వెళ్లిపోవడం మొదలైన చోట కార్డు మిగిలింది, దర్శనం, అంటే ఇంటికెళ్లి పలకరించడం, పోయింది. వాట్సాప్ సందేశాన్నే దర్శనంగా లెక్కవేసేవారు కూడా ఆ పనే చేస్తున్నారు.

వెళ్లేముందు ఫోను చేయండి, అరగంటకు మించి కూర్చోకండి, కానుకల ప్రస్తావన తేకండి. ప్రార్థన చేయమంటారా అని అడిగిన తర్వాతే చేయండి. మన ఊళ్లలోలాగా అడగకుండానే మొదలుపెడితే కొందరు ఇబ్బందిపడతారు. అక్కడ విన్న కష్టాన్ని వారి అనుమతి లేకుండా ప్రార్థన జాబితాలో పెట్టకూడదు. సెషన్ మినిట్సు పుస్తకంలో "ఫలానా పెద్ద ఆరు ఇళ్లు దర్శించారు" అన్నంతవరకే ఉండాలి, ఎందుకంటే ఆ పుస్తకాన్ని ఏటా ప్రెస్బిటరీ కూడా చూస్తుంది.

ఇక మీటింగు. మామూలు నివేదికలను ముందే రాతలో పంపించి ఒక్క ఓటుతో ఆమోదించి, మిగిలిన సమయంలో మొదటి అరగంట దర్శనాలకు కేటాయించండి. బడ్జెట్టు ఆ తర్వాత రావాలి. వరుస తిరగబడితే బడ్జెట్టు దగ్గరే రాత్రి తొమ్మిదవుతుంది, మనుషుల సంగతి ముగింపు ప్రార్థనలో ఒక వాక్యంగా మిగులుతుంది. అలాగని ప్రతిపాదన, బలపరచడం, ఓటు అనే క్రమాన్ని వదలకండి. మనమంతా ఒక కుటుంబం, ఈ రూల్సెందుకు అనేవారు సాధారణంగా గొంతు పెద్దగా ఉన్నవారే. క్రమం లేనిచోట నిర్ణయాలు పార్కింగులో రెండు పాత కుటుంబాల మధ్య జరిగిపోతాయి. కొత్తగా చేరిన నర్సుకో, విద్యార్థికో నోరు విప్పే వంతు రాదు. మోడరేటరు పేరు పెట్టి అడిగితే ఆ వంతు వస్తుంది.

సహవాసమూ వ్యవస్థా ఒకే గిన్నెలో ఉండగలవని చూడాలంటే మిజోరం చూడండి. అక్కడి ప్రెస్బిటేరియన్ ఇళ్లలో వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి పక్కన పెడతారు. వాటిని పోగుచేసి అమ్మగా వచ్చిన సొమ్ము సంఘ పరిచర్యకు చేరుతుంది. మన సంఘాల్లోనూ పిడికెడు బియ్యం కానుక తెలిసినదే. సేకరించడానికి వచ్చినవారు బియ్యంతోపాటు ఆ ఇంటి కబురు కూడా తీసుకుపోతారు.

పి.సి.యు.ఎస్.ఏ.లో సెషన్ పదవీకాలం మూడేళ్లకు మించదు, వరుసగా ఆరేళ్లు దాటి కొనసాగకూడదు. పెద్దగా పొందిన అభిషేకం పదవి దిగినా నిలిచే ఉంటుంది గానీ ఇళ్ల జాబితా మాత్రం చేతులు మారుతుంది. ఆ మార్పు కాగితం మీద జరగనివ్వకండి. దిగిపోయే పెద్ద చివరి రెండు నెలలూ కొత్త పెద్దను వెంటబెట్టుకుని తన ఇళ్లన్నిటికీ వెళ్లి, ఎవరికి చెవుడు, ఎవరింట్లో కుక్క ఉంది, ఎవరు సాయంత్రం డ్యూటీకి వెళతారు అన్నీ చెప్పి పరిచయం చేయాలి.